షేరు కోలుకున్నా కాల్ ఆప్షన్‌లో నష్టం ఎందుకు? ఎప్పుడు కొనాలి?

షేరు బాగా పడిన రోజున మీరు కాల్ (గడువు రోజున ముందే అనుకున్న ధరకు షేరు కొనే హక్కు) కొన్నారు. వారంలో షేరు కొంత లేచినా ప్రీమియం, అంటే ఆ కాల్ ధర, మీ కొనుగోలు ధరకు రాలేదు. కొన్నేళ్లుగా ఎన్‌ఎస్‌ఈలో ఆప్షన్లు కొంటున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

షేరు చవకైన రోజే ఆప్షన్ ప్రియమవుతుంది. కుదుపులు మొదలవగానే ఇంప్లైడ్ వొలటిలిటీ (షేరు ముందుముందు ఎంత ఊగుతుందని మార్కెట్ వేసే అంచనా) పెరిగి ప్రీమియం ఉబ్బుతుంది. వరలక్ష్మీ వ్రతం నాటి పొద్దున పూలు బేరమాడినట్టే! 1000 రూపాయల షేరు, స్ట్రైక్ (షేరు కొనే హక్కున్న ధర) కూడా అంతే, నెల గడువు అనుకోండి. వొలటిలిటీ 20 శాతమైతే కాల్ సుమారు 25 రూపాయలు, 35 శాతమైతే 40 దాటుతుంది. 40కి కొన్నాక నాలుగు రోజుల్లో షేరు 1010కి చేరి, వొలటిలిటీ 20కి దిగిందంటే మీ చేతిలో మిగిలేది 30 లోపే.

2024 ఎన్నికల ఫలితాలే చూడండి. జూన్ 4న నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది, నిఫ్టీ ఆప్షన్లలోని వొలటిలిటీని చూపే సూచీ ఇండియా విక్స్ 26 పైన ముగిసింది. మర్నాడు నిఫ్టీ 3 శాతానికి పైగా లేచింది, విక్స్ మాత్రం 19 దిగువకు జారింది. ముందు రోజు కాల్ కొన్నవారికి సూచీ ఇచ్చినదాంట్లో కొంత వొలటిలిటీ పట్టుకుపోయింది.

అందుకే నేను త్రైమాసిక ఫలితాల ముందు కొనను. ఫలితాలు వచ్చి, సందడి సద్దుమణిగి, ఆ షేరు ఊసే ఎవరూ ఎత్తని రోజుల్లో కొంటాను. ఓపిక లేనివారికి ఇది విసుగు పుట్టించే పద్ధతే. పడిన రోజునే కొనాలనిపిస్తే ఇన్ ద మనీ స్ట్రైక్ (షేరు ధర కన్నా తక్కువది) తీసుకుంటాను, లేదా పై స్ట్రైక్ కాల్ ఒకటి అమ్మి ఖర్చు తగ్గించుకుంటాను. నిజానికి ఆ రోజు షేరే కొనుక్కోవడం మేలు: దానికి గడువు లేదు. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే చెప్పింది.

ఇంకొకటి, మీరు కొన్న స్టాక్ కాల్ గడువు రోజున ఇన్ ద మనీలో ఉంటే షేర్లు డెలివరీ తీసుకోవాలి, లాటు (ఒక కాంట్రాక్టులోని షేర్లు) మొత్తానికీ డబ్బు కట్టాలి. నేను గడువుకు వారం ముందే, నా ధర నేనే చెప్పే లిమిట్ ఆర్డర్‌తో బయటపడతాను. చాలా స్ట్రైకుల్లో కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా ఎక్కువ కాబట్టి, దొరికిన ధరకే అమ్మేసే మార్కెట్ ఆర్డర్ జోలికి పోను.