ఆ పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుంటే మీ కేసును మీరే ఓడించుకున్నట్టు

ప్రశ్న: మా నాన్నగారు 2014లో కొన్న చిన్న పెట్రోలు కారును, ఆయన పోయి మూడేళ్లయినా అమ్మడానికి మనసొప్పక నేనే నడుపుకుంటున్నాను. 2024 ఆగస్టు 19న కింద చప్పుడు వస్తోందని, పదేళ్లుగా నాన్నగారికి నమ్మకస్తుడైన మెకానిక్ గ్యారేజీలో ఇచ్చాను. రెండు రోజులు ఉంచుకుని, పైపు తుప్పు పట్టిందని చెప్పి 6,800 రూపాయలు తీసుకున్నారు. 2,000 ఫోన్ ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. గత డిసెంబరులో కారు పొల్యూషన్ పరీక్షలో తప్పింది. ఇంకో మెకానిక్ లిఫ్టు మీద పెట్టి చూసి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ డబ్బాను కోసి, లోపలి సరుకు తీసేసి, మళ్లీ వెల్డింగ్ చేశారని చెప్పాడు. పాత మెకానిక్‌ను నిలదీస్తే ‘వచ్చినప్పుడే అలా ఉంది’ అంటున్నాడు. నాన్నగారి జ్ఞాపకాన్ని దోచుకున్న ఇతనిపై చీటింగ్ కేసు పెట్టవచ్చా? మానసిక వేదనకు 5 లక్షలు అడగవచ్చా? వచ్చే ఆదివారం కొత్త కన్వర్టర్ వేయిద్దామనుకుంటున్నాను. పాత డబ్బా ఇచ్చేస్తే మజూరీ తగ్గిస్తామన్నారు. ఈలోగా 500 ఎక్కువ ఇస్తే పరీక్ష లేకుండానే సర్టిఫికెట్ ఇస్తామని ఒక కేంద్రం వాళ్లు అంటున్నారు, తీసుకోవచ్చా? అన్నట్టు, కారు తెచ్చుకున్న రెండు వారాలకే ఇంజిన్ లైటు వెలిగితే పాత మెకానిక్‌కు ఫొటో పంపాను. ‘అది సెన్సర్ సమస్య, పట్టించుకోకండి’ అని వాట్సప్‌లో బదులిచ్చాడు.

జవాబు: మీ ఉత్తరంలో మీ కేసును నిలబెట్టేది ఆ చివరి రెండు వాక్యాలే. వాటిని మీరు మాటవరసకు రాసినట్టు రాశారు. నాన్నగారి జ్ఞాపకం మీద, పదేళ్ల నమ్మకం మీద ఏ వినియోగదారుల కమిషనూ తీర్పు రాయదు. అక్కడ తేలవలసింది ఒక్కటే: 2024 ఆగస్టు 19న కారు గ్యారేజీలోకి వెళ్లినప్పుడు కన్వర్టర్ ఉందా, 21న బయటికి వచ్చినప్పుడు లేదా?

వెళ్లేటప్పుడు ఉందనడానికి మీరు జతచేసిన 2024 మే 14 నాటి పొల్యూషన్ సర్టిఫికెట్ చాలా వరకు సరిపోతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ 0.11 శాతం, హైడ్రోకార్బన్లు 64 పీపీఎం. మీది బీఎస్-4 (కాలుష్య ప్రమాణాల్లో భారత్ స్టేజ్ నాలుగు) కారు. ఆ తరం పెట్రోలు కార్లకు ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు చట్టం ఒప్పుకునే హద్దు 0.3 శాతం, 200 పీపీఎం. కన్వర్టర్ లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ దిమ్మ, దాని గోడలకు పూసిన ప్లాటినం, పల్లాడియం, రోడియం పనిచేయకుండా పదేళ్ల కారు అంత శుభ్రమైన అంకెలు చూపడం కష్టం. డిసెంబరు చీటీలో అవే అంకెలు 2.3 శాతం, 510 పీపీఎం. ఈ రెండు చీటీలనూ పక్కపక్కన పెడితే కన్వర్టర్ ఈ మధ్యకాలంలోనే పోయిందని అర్థమవుతుంది.

అయితే ఆ మధ్యకాలం పందొమ్మిది నెలలు! అందులో పదహారు నెలలు గ్యారేజీ నుంచి కారు వచ్చిన తర్వాతివి. ‘ఆ పదహారు నెలల్లో ఇంకెవరు తీశారో నాకేం తెలుసు’ అని అవతలి వకీలు మొదటి వాయిదాలోనే అంటారు. దానికి బదులు మీ వాట్సప్ ఫొటోలో ఉంది. 2024 సెప్టెంబరు 6న పంపిన ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. పసుపురంగు ఇంజిన్ గుర్తు కింద కిలోమీటర్ల అంకె స్పష్టంగా కనిపిస్తోంది: 71,306. కన్వర్టర్ తరవాత ఉండే రెండో ఆక్సిజన్ సెన్సర్, శుద్ధి జరగడం లేదని పసిగట్టినప్పుడు వెలిగే లైటే అది కావచ్చు. ఆ లైటు వెలిగిన తరవాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్ల ఇంజిన్ కంప్యూటర్ తనలో దాచుకుంటుంది. ఇప్పుడు మీ కారు 82,900 తిరిగిందని రాశారు. స్కానర్ పెట్టి చూస్తే ఆ లెక్క 11,600 దరిదాపుల్లో వచ్చి, పక్కన కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని తెలిపే పి0420 కోడు కనిపిస్తే, లైటు గ్యారేజీ నుంచి వచ్చిన రెండు వారాల్లోనే వెలిగిందని, అప్పటి నుంచి ఆరలేదని యంత్రమే చెప్పినట్టు. మీ మాట కన్నా ఆ అంకె మాటే బలమైనది.

అందుకే మొదటి హెచ్చరిక. ఏ మెకానిక్‌నూ ఆ కోడు చెరిపివేయనివ్వకండి. కొన్ని కార్లలో బ్యాటరీ తీగలు ఊడదీసినా ఆ లెక్క పోతుంది. ముందు స్కాన్ చేయించి, తెరను ఫొటో తీసి, ఆ తరవాతే ఇంకేదైనా.

ఇక ఆ 500 రూపాయల సర్టిఫికెట్. ఇక్కడ నేను కఠినంగానే చెబుతాను. పరీక్ష చేయకుండా సర్టిఫికెట్ ఇవ్వడం నేరం, అబద్ధమని తెలిసి దాన్ని వాడడం కూడా నేరమే. దానికి మించిన ప్రమాదం మరొకటుంది, దాన్ని మీరు గమనించలేదు. ఆ కాగితం మీద మీ బండి నంబరు, తేదీ, హద్దు లోపలి అంకెలు ఉంటాయి. ఆ వివరాలు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. రేపు మీ ప్రత్యర్థి దాన్ని బయటికి తీసి ‘2026లో కూడా ఈ కారు పొగ శుభ్రంగా ఉందని ఇదిగో సర్టిఫికెట్, కన్వర్టర్ లేదంటున్నది ఎవరు?’ అని అడిగితే మీ దగ్గర బదులు లేదు. అది దొంగ కాగితమని మీరే ఒప్పుకుంటే నేరం ఒప్పుకున్నట్టు. ఒప్పుకోకపోతే కేసు పోయినట్టు. రెండో సెన్సర్ కింద చిన్న గొట్టం బిగించి లైటు ఆర్పేస్తామనే వాళ్లు కూడా ఉంటారు. అదీ ఇంతే. కాలుష్య ప్రమాణాలకు విరుద్ధంగా బండి నడపడం మోటారు వాహనాల చట్టం 190(2) కింద శిక్షార్హం: మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దాంతోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. పరిష్కారం అయ్యేదాకా కారును ఇంట్లోనే ఉంచండి.

ఆదివారం పని కూడా ఆపండి. ఆ వెల్డింగ్ గీత ఉన్న డబ్బా మీ ప్రత్యక్ష సాక్షి. మజూరీలో కొంత తగ్గుతుందని సాక్షిని తుక్కువాడికి ఇచ్చేస్తారా? అవతలివారు చెప్పబోయే కథ కూడా ముందే ఊహించుకోండి. ‘ప్లగ్గులు మార్చక ఇంజిన్ సరిగా మండలేదు, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండింది, పింగాణీ కరిగి ముక్కలై పోయింది, ఇది యజమాని నిర్లక్ష్యం’ అంటారు. అలా నిజంగానే జరుగుతుంది కాబట్టి ఆ వాదనకు బలం ఉంది. కానీ కరిగిపోయిన కన్వర్టర్‌లో గడ్డకట్టిన ముక్కలో, లోపలి గోడకు అంటుకున్న పింగాణీయో మిగులుతుంది. పైన కోత ఉండదు. మీ డబ్బాకు చుట్టూ కోత, దానిమీద తరవాత వేసిన వెల్డింగ్, లోపల ఖాళీ. ఈ తేడాను మెకానిక్ చేత కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఇంజిన్ ఆయిల్ మార్చిన పాత బిల్లులు ఎక్కడున్నా వెతికి తీయండి. మీ వైపు నిర్లక్ష్యం లేదని చూపేవి అవే.

నిర్లక్ష్యం మాట వచ్చింది కనుక చెప్పక తప్పదు. బండి విప్పించి, డబ్బిచ్చి, బిల్లు అడగకపోవడం ఏమిటి? పని కోసం గ్యారేజీలో వదిలినప్పుడు, చేయవలసిన పని రాసిచ్చే జాబ్ కార్డు తీసుకోకపోవడం ఏమిటి? 2025 మేలో సర్టిఫికెట్ గడువు తీరితే డిసెంబరు దాకా పరీక్షకే వెళ్లలేదు. ఇంజిన్ లైటు పదహారు నెలలు వెలుగుతుంటే రోజూ దాన్ని చూస్తూ నడిపారు. సకాలంలో వెళ్లి ఉంటే ఇదంతా తొమ్మిది నెలల్లోనే బయటపడేది. ఇంకొకటి, రిజిస్ట్రేషన్ పత్రం నకలు మీద ఇప్పటికీ నాన్నగారి పేరే ఉంది. యజమాని మరణిస్తే 30 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి, మూడు నెలల్లో వారసుడి పేరుకు మార్పించుకోవాలి. మూడేళ్లయింది. గ్యారేజీకి డబ్బు ఇచ్చింది మీరే కాబట్టి వినియోగదారుడిగా మీ ఫిర్యాదు దీనివల్ల చెల్లకుండా పోదు. అయినా ప్రత్యర్థికి ఒక అభ్యంతరం ఊరికే ఎందుకు అందించాలి? వెంటనే దరఖాస్తు చేయండి.

బిల్లు లేకపోవడం పూర్తిగా మీకు ఎదురుతిరగదు. సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం 2019 అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఫోన్‌లో పంపిన 2,000 తేదీతో సహా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. దాన్ని తీసుకోండి. వాట్సప్ సంభాషణను చెరపకండి, ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. కోర్టుల్లో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేస్తారు. దాన్ని మీ వకీలు తయారు చేస్తారు. మూల ఫోన్ మీ చేతిలో ఉంటే ఆ పని తేలిక.

కాలపరిమితి గురించి జాగ్రత్త. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి దారితీసిన సంగతి, పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మోసం డిసెంబరులో తెలిసింది కాబట్టి అప్పటి నుంచి లెక్క అని వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద ఆధారపడకండి. ఇంజిన్ లైటు 2024 సెప్టెంబరులోనే వెలిగింది కాబట్టి ‘అప్పుడే తెలుసుకోవలసింది’ అంటారు. కారు చేతికి వచ్చిన 2024 ఆగస్టు 21 నుంచే లెక్కపెట్టి, 2026 ఆగస్టు 20 లోపల ఫిర్యాదు దాఖలు కావాలని పెట్టుకోండి. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు.

చీటింగ్ కేసు అన్నారు. అప్పగించిన వస్తువును కాజేస్తే అది నమ్మక ద్రోహం, భారతీయ న్యాయ సంహిత 316 కిందికి వస్తుంది. ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఫిర్యాదు ఇవ్వవచ్చు, కానీ పైన చెప్పిన స్కాన్, మెకానిక్ నివేదిక చేతికి రాకముందు వెళ్తే ‘సివిల్ తగాదా’ అని పంపేస్తారు. నోటీసులో ‘డబ్బు ఇవ్వకపోతే పోలీసు కేసు’ అని మాత్రం రాయకండి. అది తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది. 5 లక్షల మాట వదిలేయండి. కొత్త కన్వర్టర్ ఖరీదు, బిగింపు మజూరీ, మీరిచ్చిన 6,800, పరీక్షల ఖర్చు బిల్లులతో చూపండి. వేదనకు, ఖర్చులకు నిదానమైన మొత్తం అడగండి. ఉబ్బించిన అంకె చూస్తే మిగతా అంకెల మీద కూడా అనుమానం పుడుతుంది.

ఇప్పుడు చేయవలసినది ఇది. లిఫ్టు మీద కారు పెట్టి, ఛాసిస్ నంబరు, కిలోమీటర్ల అంకె, వెల్డింగ్ గీత ఒకే వీడియోలో తెంపు లేకుండా వచ్చేలా తీయించండి. తరవాత వకీలు ద్వారా స్పీడు పోస్టులో నోటీసు పంపి, ఫలానా తేదీన, ఫలానా చోట డబ్బా విప్పిస్తున్నామని, వచ్చి చూసుకోవచ్చని పదిహేను రోజుల గడువు ఇవ్వండి. వస్తే అతని ఎదుటే విప్పించండి, రాకపోతే రాలేదని రాసుకోండి. విప్పిన డబ్బాను మూట కట్టి, తేదీ వేసి, ఇద్దరి సంతకాలతో ఇంట్లో భద్రపరచండి. కొత్తది తయారీ సంస్థ సూచించిన రకాన్నే, భాగం సంఖ్య ఉన్న బిల్లుతో వేయించి, నిజమైన పరీక్ష చేయించండి. అంకెలు మళ్లీ హద్దులోకి వస్తే ఆ చీటీ కూడా మీకు సాక్ష్యమే. ఈ కాగితాలతో, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. కారును మళ్లీ రోడ్డెక్కించేది ఆ కొత్త సర్టిఫికెట్ చేతికి వచ్చాకే.