టెక్ సందేహాలు: జూనోలో ఒక గొంతు మూగబోయింది

ప్రశ్న: మా పెదనాన్నగారు పెళ్లి కచేరీల్లో వాయించిన రోలాండ్ జూనో-106 కీబోర్డుని అటక మీంచి దించాం. ఆన్ అవుతోంది. కానీ వరసగా కీలు నొక్కుతుంటే ఆరింటిలో ఒకటి పలకట్లేదు, ఇంకొకటి చిటపటలాడుతోంది. రిపేరు షాపులో చూపిస్తే బోర్డు మొత్తం పోయిందన్నారు. పారేయాల్సిందేనా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పారేయకండి. బోర్డు మొత్తం పోతే మిగతా నాలుగు ఎలా పలుకుతాయి? 1984లో వచ్చిన ఈ సింథ్‌లో (సింథసైజర్, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు) గొంతులు ఆరు, అంటే ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతాయి. ఒక్కో గొంతుకి 80017ఎ అనే చిప్ ఒకటి ఉంటుంది. ఫిల్టర్, వాల్యూమ్ రెండూ దాని చేతిలోనే. తేమ తగలకుండా దానికి రెసిన్ పూత పూశారు. ఏళ్లు గడిచాక ఆ పూతలోంచే కరెంటు లీకవుతోంది. కాపాడమని పూసిందే కొంప ముంచిందన్నమాట.

ఏ గొంతు పోయిందో మీరే కనుక్కోవచ్చు. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయండి. ఇక ఏ కీ నొక్కినా పలికే గొంతు నంబరు డిస్‌ప్లేలో కనిపిస్తుంది. శబ్దం రానప్పుడు ఉన్న నంబరు రాసుకోండి. రెండు గొంతులు జంటగా పోతే మాత్రం వాటికి తరంగాన్నిచ్చే ఎంసీ5534ఎ చిప్‌ను అనుమానించాలి.

మూత తీసే ముందు ఇంకో పని. పెదనాన్నగారు దాచుకున్న సౌండ్లు అందులో ఉండొచ్చు, 128 దాకా పడతాయి. వాటిని నిలబెట్టేది ఒక చిన్న బటన్ సెల్. అది తీస్తే అన్నీ పోతాయి. ఆ సౌండ్ల డేటాని బయటికిచ్చే, వెనకున్న సేవ్ జాక్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి ముందే రికార్డ్ చేసుకోండి. వావ్ ఫైల్‌గానే, ఎంపీ3 వద్దు.

తర్వాత టంకం తెలిసిన మనిషితో ఆ చిప్పులు ఊడదీయించి, గాజు సీసాలో అసిటోన్ పోసి నానబెట్టండి. గోళ్ల రంగు తుడిచే సీసా పనికిరాదు, అసలు అసిటోన్ కావాలి. ఇట్టే అంటుకునే సరుకు, స్టవ్ దగ్గర పెట్టకండి. రెండు మూడు రోజులకు పూత మెత్తబడుతుంది. పళ్లపుల్లతో మెల్లగా ఒలవాలి. కింద పలచటి పింగాణీ పలక, దాని మీద ఆవగింజంత విడిభాగాలు ఉంటాయి. తొందరపడి లాగితే అవీ ఊడొస్తాయి. నన్నడిగితే ఆరూ ఒకేసారి చేయించండి, అన్నిటిదీ ఒకే వయసు. తిరిగి పెట్టేటప్పుడు సాకెట్లు వేయించి, సర్వీస్ మాన్యువల్ ప్రకారం ట్రిమ్మర్లు (బోర్డు మీద తిప్పి సరిచేసే బుల్లి భాగాలు) సర్దించండి. అప్పటికీ ఏదైనా చిప్ పలక్కపోతే దానికి బదులుగా కొత్తగా తయారైన చిప్పులు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు.

ప్రశ్న: జపాన్‌లో వాడిన జూనో కొన్నాను. ప్లగ్ అడాప్టర్ చాలా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలదు. అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. అక్కడి సెట్లు 100 వోల్టులవి, మన ఇంట్లో 230. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. ఇంకా ప్లగ్ పెట్టలేదనే అనుకుంటున్నా.