పిల్లల ఆకలి ఆరున్నరకు, మన భోజనం తొమ్మిదికి

మీ ప్రశ్న ఇదీ: భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. వండే ఓపిక లేక వారంలో సగం రాత్రులు ఫోనులో ఆర్డరు పెడుతున్నారు. పోనీ ఆదివారం హోటలుకు వెళదామంటే పిల్లల గొడవలో మీరు ఏం తిన్నారో మీకే తెలియడం లేదు. తక్కువ శ్రమతో ఇంట్లో ఏం వండుకోవాలి, హైదరాబాదులో బయట ఎలా తింటే సుఖం అని అడిగారు.

మాదీ దాదాపు అదే సంసారం. ఉండేది కూకట్‌పల్లిలో. మా ఆవిడ నర్సు. ఆమెకు మధ్యాహ్నం షిఫ్టు పడిన వారం ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది కాబట్టి ఆ వారమంతా వంటిల్లు నాదే. నేను అమీర్‌పేట నుంచి మెట్రోలో వచ్చి, డే కేర్ నుంచి పిల్లలిద్దరినీ తీసుకుని ఇంటి తాళం తీసేటప్పటికి ఆరున్నర. వంటకాల పేర్లకంటే ముందు ఒక సంగతి చెప్పాలి. పిల్లలకు ఆకలి వేసేది ఆ ఆరున్నరకే. పెద్దవాళ్లం భోంచేసేది తొమ్మిదికి. బిస్కెట్ పొట్లాలు ఖాళీ అయ్యేది, చిన్నవాడు నేలమీద పడి దొర్లేది, చివరికి మనం విసుగెత్తి ఫోను తీసేది అంతా ఈ మధ్య రెండున్నర గంటల్లోనే. హోటల్లో గొడవకు కారణమూ చాలావరకు ఇదే. ఏం వండాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ఏడింటికల్లా పిల్లల కంచంలో తిండి పడాలి అని పెట్టుకుంటే మిగతావన్నీ దానికి తగ్గట్టు సర్దుకుంటాయి.

ఏడింటికి కంచం పెట్టాలంటే సాయంత్రం మన చేతిలో ఉండేది అరగంట. అప్పుడు పప్పు కడగడం మొదలుపెడితే జరిగే పని కాదు. ఉదయం స్కూలు బాక్సుల కోసం కుక్కరు ఎలాగూ పొయ్యెక్కుతుంది. అందులోనే ఒక గిన్నెలో రాత్రికి కావలసిన కందిపప్పు కూడా పెట్టేస్తాను. చిటికెడు పసుపు, చుక్క నూనె తప్ప ఇంకేమీ వేయను. చింతపండో టమాటానో ముందే వేస్తే ఆ పులుపుకు పప్పు మెత్తబడదు. ఆవిరి పోయి చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లోకి. సాయంత్రం వచ్చీరాగానే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, పిల్లలు కాళ్లూ చేతులూ కడుక్కునే లోపల రెండు టమాటాలు మగ్గించి అందులో ఈ పప్పు కలిపి ఉడకనిస్తాను. రెండో పొయ్యి మీద పోపు: ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిరపకాయ, పొట్టుతోనే నలగ్గొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు. వెల్లుల్లి అంచులు ఎర్రబడే దాకా ఆగాలి. అదొక్కటే ఇందులో ఓపిక పట్టాల్సిన చోటు. అన్నం దిగే వేళకు పప్పు సిద్ధం.

అదే పప్పు మర్నాడు పాలకూరతో, ఆ మర్నాడు సొరకాయ ముక్కలు, చింతపండు రసం పోసి పప్పుచారుగా మారుతుంది. మరీ అలసిపోయిన రోజు ఉప్పు వేసి మెదిపి ముద్దపప్పు చేస్తాను, పిల్లలకు నెయ్యి, నాకు ఆవకాయ. పక్కన ఏదైనా పుల్లగా కావాలనిపిస్తే పచ్చిపులుసు ఉండనే ఉంది. చింతపండు పిసికిన నీళ్లలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిరపకాయ, ఉప్పు, కాస్త బెల్లం, వేయించి దంచిన నువ్వుల పొడి వేసి చేత్తో బాగా పిసికితే అయిపోయినట్టే. పిల్లలకు ఇచ్చే గిన్నెలో మిరపకాయ వేయకుండా ముందే పక్కకు తీసిపెట్టండి. ముద్దపప్పు, పచ్చిపులుసు కలిసిన రోజు మా ఇంట్లో అన్నం గిన్నె అడుగు కనిపిస్తుంది.

ఆదివారం నాడు వారానికంతటికీ వండి డబ్బాల్లో పేర్చుకునే వాళ్లను చూస్తే నాకు భయం. ఉన్న ఒక్క సెలవూ పొయ్యి ముందే పోతుంది, గురువారానికి ఆ కూరను ఎవరూ ముట్టుకోరు. నేను ఇడ్లీపిండి మాత్రం రుబ్బుతాను. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఎండాకాలంలో రాత్రి కలిపితే తెల్లారేసరికి గిన్నె పొంగి పొర్లుతుంది. డిసెంబరు, జనవరి చలికి మాత్రం హైదరాబాదులో పిండి అంత తేలిగ్గా పులవదు, గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టాల్సిందే. మొదటి రెండు రోజులు ఇడ్లీ, తర్వాత కాస్త బియ్యప్పిండి కలిపి అట్లు, పులుపెక్కాక ఉల్లిపాయ, క్యారెట్ తురుము వేసి గుంతపొంగనాలు. ఇవి ఉదయానికే అనుకోకండి, పిల్లలకు రాత్రి ఏడింటికి ఇడ్లీ, కందిపొడి, నెయ్యి పెడితే అది నిండు భోజనమే. రుబ్బే తీరిక లేకపోతే పిండి ప్యాకెట్ కొనండి, తప్పేమీ లేదు. కందిపొడి, నువ్వుల పొడి కూడా వీధి చివరి స్వగృహ దుకాణంలో తెచ్చుకోవచ్చు. పొడిలో కారం ఎంత ఉందో మాత్రం ఇంటికి వెళ్లాక కాక అక్కడే నోట్లో వేసుకుని చూడండి.

1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ మా అమ్మకు కూరగాయలు అక్కడే కొనడం అలవాటు. ఆ అలవాటు నాకూ వచ్చింది. ఎర్రగడ్డ రైతుబజారు నా మెట్రో దారిలోనే ఉంది. కొన్న వరసలో కాకుండా పాడయ్యే వరసలో వండుకోవాలి: ముందు ఆకుకూరలు, తర్వాత బెండ, బీర, వారం చివరకు దొండ, బంగాళాదుంప.

ఇంక కూరల సంగతి. పప్పు, అన్నం ఇంట్లో ఉంటే కూర బయట కొనడానికి మొహమాటపడకండి. ఈ ఊళ్లో కర్రీ పాయింట్ లేని బస్తీ లేదు. కాకపోతే అక్కడ ఏం కొనాలో తెలియాలి. పప్పు, సాంబారు అక్కడ కొనడం దండగ, నీళ్లకు డబ్బులిచ్చినట్టే. మనింట్లో గంట పట్టేవి కొనండి. గుత్తి వంకాయ, కాకరకాయ వేపుడు, చేమదుంపల పులుసు లాంటివి. ఏడింటి లోపు వెళితే అప్పుడే దించిన కూర దొరుకుతుంది, తొమ్మిది తర్వాత వెళితే గిన్నె అడుగున నూనె తేలుతున్నది మిగులుతుంది. స్టీలు డబ్బా వెంట తీసుకెళ్లండి. పొగలు కక్కే కూరను పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోసి ముడి వేయడం నాకెప్పుడూ నచ్చదు. మొదట్లో కొట్టువాళ్లు వింతగా చూశారు గానీ, ఇప్పుడు డబ్బా చాచగానే గరిటె తీస్తున్నారు.

కూరకంటే నాకు ఇంకా పెద్ద దన్ను జొన్నరొట్టె. సాయంత్రం ఆరు దాటితే మా వీధి మలుపులో ఒకావిడ పొయ్యి వెలిగిస్తుంది. వేడినీళ్లతో తడిపిన పిండి ముద్దను చెక్కపలక మీద అరచేత్తో తడుతూ, ప్రతి దెబ్బకూ కొంచెం తిప్పుతూ, కంచమంత వెడల్పు చేసి, చిరగకుండా రెండు చేతుల మీదికి తీసుకుని పెనం మీద పరుస్తుంది. పైన తడిగుడ్డ అద్ది, తిరగేసి, చివర్లో నేరుగా మంట మీదికి తోస్తే రొట్టె బుస్సున పొంగుతుంది. అలా పొంగడం చూడటానికి మా పిల్లలు కదలకుండా నిలబడతారు, ఆ కాసేపు వాళ్లకు ఆకలి గుర్తుండదు. పెద్దవాళ్లకు రొట్టె, కొన్న కూర. పిల్లలకైతే వేడి పాలలో రొట్టె తుంచి, బెల్లం కలిపి పెట్టండి. ఆలస్యం చేస్తే రొట్టె బిరుసెక్కుతుంది, చిన్నపిల్లలు నమలలేరు.

బయటికి వెళ్లేటప్పుడూ అదే వేళ పాటించండి. ఎనిమిదిన్నరకు బిర్యానీ హోటలుకు వెళ్లి, పేరు రాయించుకుని, గుమ్మం బయట ముప్పావుగంట నిలబడితే నాలుగేళ్లవాడు ఏడవక ఏం చేస్తాడు? మేము ఆరున్నరకు టిఫిన్ల హోటలుకు వెళతాం. ఆ వేళకు బల్లలు ఖాళీగా ఉంటాయి, పనివాళ్లు విసుక్కోరు, ఇడ్లీ అప్పటికే ఉడికి ఉంటుంది. కుర్చీలో కూర్చుంటూనే పిల్లలకు ఇడ్లీ చెప్పేయండి, మనకేం కావాలో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. సాంబారు విడిగా గిన్నెలో అడగండి. మావాడు ఇడ్లీని సాంబారులో ముంచి, అది విరిగి మునిగిపోతే చెంచాతో వెతుకుతూ పావుగంట గడుపుతాడు. మేము కాఫీ వేడి మీద తాగేది ఆ పావుగంటలోనే. అందరూ తిని ఏడున్నరకు లేచేసరికి గుమ్మంలో జనం మూగుతుంటారు.

బిర్యానీ మానేయమని చెప్పడం లేదు, ఈ ఊళ్లో ఉండి అది కుదరదు కూడా. హైదరాబాదీ దమ్ బిర్యానీలో మసాలా పట్టించిన మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి మూత బిగించి ఉడికిస్తారు. కాబట్టి మసాలా అంతా కిందే ఉంటుంది, పైపొరలో అన్నం దాదాపు తెల్లగా, కుంకుమపువ్వు రంగు మరకలతో ఉంటుంది. పిల్లలకోసం పైన ఉన్న అన్నం కొంచెం విడిగా పెట్టమని అడిగితే వడ్డించేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అందులో పెరుగు కలిపితే మా పాప ఎంతైనా తింటుంది. రంజాన్ నెలలో హలీమ్ కూడా పిల్లలకు బాగుంటుంది. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ హైదరాబాదీ హలీమే. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి మెదిపి చేస్తారు కాబట్టి నమలాల్సిన పని ఉండదు. పైన వేసే వేయించిన ఉల్లిపాయలు తీసేసి, నిమ్మకాయ పిండి ఇవ్వండి. మిరియాల ఘాటు మాత్రం ముందు మీరు రుచి చూడండి. ఇఫ్తారు వేళ రద్దీలో పిల్లలతో చిక్కుకోకుండా కాస్త ముందే పార్సిల్ తెచ్చుకుంటే మేలు.

ఇంకోటి, బయటికి వెళ్లడమంటే భోజనానికే వెళ్లాలని లేదు. ఏడింటికి ఇంట్లో తినిపించి, మెట్రో ఎక్కి గాంధీభవన్ స్టేషనులో దిగి మొజంజాహీ మార్కెట్‌కు నడిచి వెళ్లి ఐస్‌క్రీమ్ తిని వస్తాం. 1935 నాటి ఆ రాతి కట్టడం ముందు కుర్చీల్లో కూర్చుని సీతాఫలాల రోజుల్లో సీతాఫలం ఐస్‌క్రీమ్, వేసవిలో మామిడిది. కడుపులు నిండి ఉంటాయి కాబట్టి వరసలో నిలబడ్డా ఎవరూ గొడవ చేయరు. ఆదివారం ఉదయాన్నే లేవగలిగితే చార్మినార్ దగ్గర నిమ్రా కేఫ్‌లో పెద్దవాళ్లకు ఇరానీ చాయ్, పిల్లలకు ఉస్మానియా బిస్కెట్లు. దుకాణాలు తెరుచుకోకముందే వెళ్లాలి, పొద్దెక్కితే పిల్లల చెయ్యి వదలడానికి ఉండదు.

పిల్లలు మోమోలు, షవర్మా అడుగుతారు. ఇప్పించేదుంటే తెల్లటి మయోనైజ్ వేయవద్దని చెప్పండి. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది, ఆహారం విషతుల్యమై జనం ఆసుపత్రుల పాలయ్యాకే. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది, చిన్నపిల్లల పొట్టలు దానికి తట్టుకోలేవు. ఈ విషయంలో మా ఆవిడ మాటకు తిరుగులేదు, అలాంటి కేసులు రోజూ చూసే మనిషి.

ఆర్డరు పెట్టడం పూర్తిగా మానేయలేరు, మేమూ మానలేదు. పెట్టదలిస్తే దారిలో ఉండగానే పెట్టండి, మీరూ పొట్లమూ ఒకేసారి ఇల్లు చేరేలా. అన్నం మాత్రం ఇంట్లోనే వండండి. బిర్యానీ మిగిలిందా, రాత్రంతా బల్ల మీద వదలకుండా తినగానే ఫ్రిజ్‌లో పెట్టండి. వండిన అన్నం బయట ఎక్కువసేపు ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవులు వదిలిన విషం మళ్లీ వేడిచేసినా పోదు. మర్నాడు పొగలు వచ్చేలా వేడిచేసి పెద్దవాళ్లు తినేయండి, పిల్లల బాక్సులో మాత్రం పెట్టకండి.