వాతావరణ మార్పుల పుస్తకాలు చదివితే నిద్ర పట్టడం లేదా? ముందు మీ ఊరి నీళ్ళ గురించి చదవండి

మీరు అడిగింది ఇదీ: వాతావరణ మార్పుల మీద ఇంగ్లీషు పుస్తకాలు రెండు చదివాను, అప్పటి నుంచీ ఒకటే టెన్షన్, హైదరాబాద్‌లో ఉంటాను, చదవడం ఆపేయాలా, లేక చదవదగ్గవి ఇంకేమైనా ఉన్నాయా అని.

ఆపకండి. వరస మార్చండి, చాలు. మీరు చదివినవి ఎలాంటివో పేర్లు చెప్పకపోయినా ఊహించగలను. 2100 నాటికి సముద్రం ఎంత పెరుగుతుంది, ఏ నగరం మునుగుతుంది, మంచు ఎంత కరుగుతుంది. అన్నీ నిజాలే కావచ్చు. కానీ మెట్రోలో నిలబడి గ్రీన్‌లాండ్ మంచు గురించి చదివి మీరు చేయగలిగిందేమిటి? అమీర్‌పేటలో దిగి ఆఫీసుకు పోవడమే. చేతికి పని దొరకని భయం కడుపులోనే తిరుగుతుంది. అందుకే నిద్ర పట్టదు. ఇది నా సిద్ధాంతం, దీనికి ఏ సర్వే ఆధారమూ లేదు, అయినా నేను దీన్ని వదలను.

ఈ రంగంలో నిలబడిన పుస్తకాలు చూడండి, ప్రతిదానికీ ఒక చోటు ఉంటుంది. రేచల్ కార్సన్ 1962లో రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ డీడీటీ అనే పురుగుమందు లెక్కల వల్ల గుర్తుండిపోలేదు. మిచిగన్‌లో ఒక యూనివర్సిటీ ఆవరణలో ఎల్మ్ చెట్లకు మందు కొట్టారు, రాలిన ఆకులు వానపాములు తిన్నాయి, ఆ వానపాముల్ని రాబిన్ పిట్టలు తిని చచ్చిపోయాయి. ఒక ఆవరణ, ఒక పిట్ట. అది చదివినవాడు తన పెరట్లో మందు డబ్బా వైపు చూడకుండా ఉండలేడు.

నా సంగతి చెబుతాను. మాది కడప జిల్లా బద్వేలు వైపు. దగ్గర్లోనే పోరుమామిళ్ళ చెరువుంది. నాలుగు గుట్టల్ని మధ్యలో మట్టికట్టలతో కలిపేసి, రాతి తాపడం చేసి కట్టారు. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు, 1369లో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. అంతకంటే గొప్ప సంగతి, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు శ్లోకాల్లో చెప్పారు. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, పొడవాటి రాళ్ళు దొరికే గని, కట్ట పని తెలిసిన మనుషులు, ఇలా సాగుతుంది. దీన్ని పాత శాసనాలు అచ్చేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పద్నాలుగో సంపుటంలో ఇంగ్లీషు అనువాదంతో అచ్చేశారు. మా పక్కనే ఇంత ఉందని బడిలో మాకు ఎవరూ చెప్పలేదు. ఓజోన్ పొరకు చిల్లు పడిందని మాత్రం ప్రతి ఏడాదీ చెప్పారు.

ఆ పేజీలు ప్రింటు తీసుకుని ఒక సంక్రాంతికి మా మేనమామ ఇంటికి పోయాను. మామకు వేరే చెరువు కింద రెండెకరాలుంది. పుస్తకం పట్టే మనిషి కాదు. అరుగు మీద కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నాడు. నేను ఇంగ్లీషు చూసుకుంటూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

“మొదటి దోషం, కట్టలోంచి నీళ్ళు ఊరడం మామా.”

“ఎండ్రకాయ బొక్కలు. ఇంకా?”

“చౌడు నేల.”

“అది ఎవురికైనా తెలుసు. ఇంకా?”

“రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం.”

మామ ఒలవడం ఆపేశాడు. “రాజ్యాలే కానక్కర్లేదు రా అల్లుడా, రెండు మండలాలైనా చాలు” అన్నాడు. వాళ్ళ చెరువుకు కట్ట ఒక మండలంలో, ఆయకట్టులో సగం ఇంకో మండలంలో ఉంది. తూము తలుపు తుప్పు పట్టి దిగబడిపోయింది. ఇక్కడ అర్జీ పెడితే అక్కడికి పొమ్మన్నారు, అక్కడికి పోతే కట్ట మాది కాదన్నారు. చివరికి రైతులే చందాలేసుకుని గోనెసంచుల్లో ఇసుక నింపి తూములో కూరారు. ఆరువందల యాభై ఏళ్ళ కిందటి మనిషి ఈ తిరుగుడంతా ముందే చూసినట్టు రాశాడని మామకు మహా ముచ్చటేసింది. ఆ తర్వాత వద్దన్నా ఊరుకోలేదు, మొత్తం చదవమన్నాడు.

నాలుగో దోషం చెరువు మధ్యలో మెరక. వంక తెచ్చిన ఒండ్రు దిబ్బగా మేటేసి, దాని మీద కంపచెట్లు మొలిచి, వాళ్ళ చెరువు నడుమ ఇప్పుడొక చిన్న అడవే ఉంది. అయిదోది నీళ్ళు తక్కువ, సాగు భూమి ఎక్కువ. ఆరోది దానికి తిరగేసింది, నీళ్ళు ఎక్కువ, భూమి తక్కువ. ఆరోదాని దగ్గర మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత వానల సంగతి ఎత్తాడు. చిన్నప్పుడు ముసురు పడితే వారం పట్టేదట, నేల నానేది, చెరువు మెల్లగా నిండి మరవ పారేది. ఇప్పుడు నెలంతా ఎండ కాసి ఒక్క రాత్రిలో దంచుతోంది, కట్టకు ఊపిరి తీసుకునే టైమే ఉండటం లేదు అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదని, అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుందని అంతకుముందు ఎన్నిసార్లు చదివానో. ఏనాడూ లోపలికి దిగలేదు. మామ చెప్పిన ఒక్క రాత్రి వానతో దిగింది. 2021 నవంబరు 19న మా జిల్లాలోనే చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళు ఎంత దెబ్బతిన్నాయో అందరికీ తెలుసు. ఆ ఒక్క వానకు వాతావరణ మార్పు వాటా ఎంతో శాస్త్రజ్ఞులు తేలుస్తారు. నా మటుకు నాకు అనుమానం లేదు.

చివర్లో మామ ఒక ప్రశ్న వేశాడు. “ఇంత రాసినాయన పూడిక ఎవురు తీయాల్నో రాసినాడా?” పన్నెండు అంగాలూ మళ్ళీ చూశాను. ఆ మాట లేదు. “అదీ సంగతి. కట్టేటప్పుడు అందరూ ఉంటారు” అని మళ్ళీ చెనక్కాయల మీద పడ్డాడు. నేను చదివిన పర్యావరణ పుస్తకాల మీద ఇంతకంటే గట్టి సమీక్ష ఎక్కడా చూడలేదు.

ఇక్కడ ఒక కడుపుమంట కూడా చెప్పుకోనివ్వండి. తెలుగు పుస్తకాల షాపుకు వెళ్ళి పర్యావరణం మీద ఏమున్నాయని అడిగితే పోటీ పరీక్షల అర దగ్గరికి తీసుకెళ్తారు. గ్రూప్ వన్, గ్రూప్ టూ గైడ్లు. డిగ్రీలో పర్యావరణం తప్పనిసరి పేపరు, పరీక్ష ముందు రోజు రాత్రి చదివి, రాసి, మర్చిపోవడానికి పెట్టినట్టుంటుంది. జూన్ 5 వస్తే ఒక మొక్క చుట్టూ పది మంది నిలబడి ఫొటో దిగుతారు. మరుసటి ఏడాది అదే గుంతలో ఇంకో మొక్క. ఇలా పెరిగినవాళ్ళకు ఉన్నట్టుండి ప్రళయం పుస్తకం చేతికిస్తే భయం కాక ఏమొస్తుంది?

సరే, మీ ప్రశ్నకు వస్తాను. అనుపమ్ మిశ్ర హిందీలో రాసిన ‘ఆజ్ భీ ఖరే హైఁ తాలాబ్’ చదవండి, 1993 నాటిది. చెరువులు తవ్వినవాళ్ళ గురించి, తవ్వించినవాళ్ళ గురించి ఉంటుంది. ఆయన దాని మీద కాపీరైట్ కూడా పెట్టుకోలేదు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. తెలుగులోనే కావాలంటే ఫుకువోకా ‘గడ్డిపరకతో విప్లవం’ ఉంది. అది జపాను పొలం కథే అయినా, గడ్డి తగలబెట్టకుండా పొలంలోనే పరిచే మనిషిని మన రైతు వెంటనే గుర్తుపడతాడు. ఆయన చెప్పినవన్నీ మన నేలలో పనిచేస్తాయని మాత్రం నేను అనను.

మీరు హైదరాబాద్ అన్నారు కాబట్టి ముందు 1908 సెప్టెంబరు 28 మూసీ వరద గురించి చదవండి. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ రెండు చెరువులకు నీళ్ళు ఏ వాగుల్లోంచి వస్తాయి, ఆ వాగుల మీద ఇప్పుడు ఏం లేచింది అన్నది ఒక ఆదివారం స్కూటరేసుకుని వెళ్ళి చూడండి. ఆ తర్వాత మీరు పక్కన పడేసిన ఇంగ్లీషు పుస్తకం మళ్ళీ తెరవండి, అందులో వరదల అధ్యాయం వేరేగా కనబడుతుంది. పాత జిల్లా గెజిటీర్లు, అంటే జిల్లా వివరాలతో సర్కారు వేసిన పుస్తకాలు, ఎపిగ్రాఫియా సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మీ సొంతూరు ఏ జిల్లానో ఆ పేరు కొట్టి చూడండి. ఇంగ్లీషు పాతకాలం నాటిది, కొంచెం ఓపిక పట్టాలి.