పట్టాల నుంచి జారే కరెంటు గురించి మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి చిట్టితల్లికి,
విశాఖపట్నం నుంచి మామయ్య ఆశీస్సులు.

కొచ్చి మెట్రోలో స్ట్రే కరెంటు, అంటే పట్టాల నుంచి దారి తప్పి జారే కరెంటు, చూసే ఉద్యోగంలో చేరబోతున్నావని అమ్మ ఫోనులో చెప్పింది. నా తుప్పు కబుర్లు మొదలుపెడితే ఇంటిల్లిపాదీ లేచి వెళ్ళిపోయేవారు, నువ్వొక్కదానివే కూర్చుని వినేదానివి కనుక సంతోషించాను. ఆ తరువాత రాత్రంతా గుబులుగానే ఉంది.

మన స్టేషన్‌లో నువ్వు చూస్తూ పెరిగినది 25 కిలోవోల్టుల ఏసీ తీగ, దానితో ఈ బాధ చాలా తక్కువ. అక్కడ మూడో పట్టా మీదుగా వచ్చేది 750 వోల్టుల డీసీ. వోల్టేజి తక్కువ కాబట్టి కరెంటు భారీగా ఉంటుంది, అదంతా రైలు నడిచే పట్టాల గుండానే సబ్‌స్టేషన్‌కు తిరిగి చేరాలి. ఇన్సులేషన్ బలహీనపడిన చోట అందులో కొంత జారి, వయాడక్టు (రైలు నడిచే ఎత్తైన వంతెన) కాంక్రీటులోని ఇనుప కమ్మీల్లోకో నేలలోని గొట్టాల్లోకో ఎక్కి, సబ్‌స్టేషన్ దరిదాపుల్లో వాటిని విడిచి మళ్ళీ పట్టాలు ఎక్కుతుంది. ఎక్కే చోట ఇనుముకు నష్టం లేదు. విడిచే చోటే కరుగుతుంది. ఒక్క ఆంపియరు ఏడాది పొడవునా అలా విడిచిపోతే సుమారు 9 కిలోల ఇనుము పోతుంది.

పట్టా కింది ప్యాడ్లు, దాన్ని పట్టి ఉంచే క్లిప్పుల ఇన్సులేటర్లు శుభ్రంగా ఉండాలని, పట్టాల కింద నీరు నిలవకూడదని, పట్టాల జాయింట్లను కలిపే తీగలు (బాండ్లు) వదులు కాకూడదని శిక్షణలోనే చెబుతారు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళో మాత్రం పైకి పొడిగా కనిపించే ఇన్సులేటరును కూడా నమ్మకు.

అక్కడ ఎవరూ చెప్పకపోవచ్చు కాబట్టి ఒక పాత తప్పు గురించి వివరంగా రాస్తున్నాను. నేను పనిచేసిన ఒక చోట, ఉప్పుటేరు పక్క బురదనేలలో, మంచినీటి గొట్టం ఒకటి కాథోడిక్ ప్రొటెక్షన్ (తుప్పు పట్టకుండా గొట్టంలోకి కావాలని కరెంటు ఎక్కించే ఏర్పాటు) ఉన్న మరొక గొట్టాన్ని దాటి వెళ్ళేది. ఆ రక్షణ కరెంటులో కొంత మన నీటిగొట్టంలోకి ఎక్కి, సరిగ్గా ఆ దాటే చోట బయటపడేది. అక్కడ చిల్లు పడింది. పైఅధికారి ఒకరు, కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కొలిపించకుండానే, ఆ ముక్క మార్పించి దానికి మాత్రం మందపాటి కోటింగ్ వేయించారు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు కూడా. మొదటి చిల్లు పడడానికి ఏళ్ళు పడితే, రెండోది నెలల్లోనే వచ్చింది. తవ్వి చూస్తే కోటింగ్ దాదాపు అంతా నిగనిగలాడుతోంది, ఒక్క చోట పెసరగింజంత లోపం ఉంది, దాని చుట్టూ ఉన్న నల్లటి మడ్డిని గుడ్డతో తుడిస్తే గొట్టం గోడకు ఆరపార రంధ్రం. అంతకు ముందు జానెడు మేర పలచగా విడిచిన కరెంటు, దారులన్నీ మూసేసరికి ఆ ఒక్క లోపం గుండా దూసుకుపోయింది. కాబట్టి చిట్టీ, కరెంటు విడిచే చోట ఎవరైనా రంగు డబ్బా తెస్తే అడ్డుపడు. ఆపవలసింది పట్టా దగ్గర. అది కుదరకపోతే గొట్టం నుంచి తీగ వేసి, వెనక్కి పారకుండా డయోడు పెట్టి, కరెంటును సబ్‌స్టేషన్ వైపు తిప్పి పంపాలి. ఆ తీగ కూడా ఆఖరి మార్గంగానే చూడు, ఎందుకంటే కరెంటుకు దారి సులువైతే జారేది ఇంకా పెరుగుతుంది.

పట్టాల వోల్టేజి పెరిగితే వాటిని ఎర్త్‌కు కలిపే పరికరం స్టేషన్లలో ఉంటుంది. ప్రయాణికుల ప్రాణరక్షణకు అది కావాలి, కానీ పని అయ్యాక తెరుచుకోకుండా అలాగే ఉండిపోతే కరెంటు భూమిలోకి పోతూనే ఉంటుంది. ఉదయం రాగానే ముందు దాన్ని చూడు. డిపోలో మనుషుల భద్రత కోసం పట్టాలను ఎర్త్ చేస్తే, మెయిన్ లైనుకూ డిపోకూ మధ్య ఇన్సులేటెడ్ జాయింటు (కరెంటును దాటనివ్వని అతుకు) ఉంటుంది. దాని మీద అడ్డంగా రైలును నిలిపేస్తే చక్రాలే రెండు వైపులనూ కలిపేస్తాయి, ఎంత చక్కటి జాయింటైనా దండగే.

ఇక నా గుబులు. కొలతలు రైళ్ళు తిరుగుతుండగా కనీసం ఒక రోజంతా లాగర్‌తో (కొలతలను తనంతట తానే నమోదు చేసే పరికరంతో) తీయాలి, కానీ లాగర్ తీగలు కట్టేది మాత్రం పవర్ బ్లాక్ (సరఫరా ఆపినట్టు రాతపూర్వక అనుమతి) చేతికి వచ్చాకే. సరఫరా ఆపారని ఎవరో నోటిమాటగా చెబితే ట్రాకు మీదికి దిగవద్దు, కాగితం చూడు, మూడో పట్టాకు షార్టింగ్ (దాన్ని నడిచే పట్టాకు కలిపే తీగ) పెట్టారో లేదో స్వయంగా చూడు, తడి బూట్లతో అసలే వద్దు. ఇంత వయసొచ్చినా నన్ను చిన్నపిల్లలా గదమాయిస్తున్నాడని నవ్వుకుంటావు, నవ్వుకో.

మొదటి నెల గ్రాఫులు వచ్చాక, బయటివారికి చూపకూడదన్న నియమం మీ ఆఫీసులో లేకపోతే, నాకొకటి పంపు, ఉంటే వద్దు. అమ్మకు మాత్రం రాత్రి డ్యూటీ ముగిసిన ప్రతిసారీ ఫోను చెయ్యి.

ఇట్లు,
మామయ్య