చాలా ఏళ్ల విరామం తర్వాత మళ్లీ పరుగు మొదలుపెట్టేవారు గాయాల పాలు కాకుండా ఏం చేయాలి?

మళ్లీ పరుగు మొదలుపెట్టినవారికి గాయాలు తరచుగా తొందరపాటు వల్లే అవుతాయి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే శ్రమకు అలవాటుపడతాయి. కానీ ఎముకలూ, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువులూ గట్టిపడటానికి నెలలు పడుతుంది కనుక, ఆయాసం తగ్గిందన్న ధీమాతో దూరం పెంచేసినప్పుడు మోకాలి కింద ముందువైపు ఎముకలోనో, మడమ వెనుకనో నొప్పి మొదలవుతుంది.

బ్రిటన్‌లో బాగా ప్రచారంలో ఉన్న ‘కౌచ్ టు ఫైవ్ కే’ (సోఫా నుంచి 5 కిలోమీటర్ల పరుగు దాకా) అనే 9 వారాల పద్ధతి నాకు సబబుగా తోస్తుంది. అందులో వారానికి 3 రోజులే పరుగు. మొదటి వారం 5 నిమిషాలు వడిగా నడిచి, ఆపై 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక చొప్పున 20 నిమిషాలు కొనసాగించాలి. పరుగెత్తుతూ కూడా పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. ఆ వేగం మరీ తక్కువనిపించినా దయచేసి దాన్ని దాటకండి.

కండరాల్లో రెండు మూడు రోజుల్లో తగ్గిపోయే బిగువు సహజమే. ఎముక మీద వేలితో చూపగలిగే ఒకే చోట నొప్పి ఉండి, నడిచినా పెరుగుతుంటే మాత్రం అది సన్నని పగులు కావచ్చు. వెంటనే పరుగు ఆపి ఎముకల వైద్యుణ్ణి కలవాలి. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు మొదలుపెట్టక ముందే వైద్యుని సలహా తీసుకోవాలి.