అమ్మడూ, బందె డబ్బు ఎవరికి పోయింది?

అమ్మడూ,

నీ సెమినార్ పేపర్ డ్రాఫ్ట్ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ మూడో పేజీలో "నష్టపరిహారం కట్టగలిగితే ఎవరి హక్కునైనా దాటొచ్చని లిబర్టేరియన్లు అంటారు" అని రాసేశావు చూడు, అక్కడే పేపరంతా పక్కదారి పట్టింది. లిబర్టేరియన్లంటే మనిషి స్వేచ్ఛ, ఆస్తి హక్కులే ముందు, ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువ ఉండాలి అనేవాళ్లు కదా. వాళ్లలోనే ఒకడైన అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో 'అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా'లో సరిగ్గా ఆ ప్రశ్నే వేసుకుని, కుదరదు అన్నాడు. నాలుగో అధ్యాయం మళ్లీ చదువు, ఈసారి పెన్సిల్ పట్టుకుని, తొందర లేకుండా.

చదివే ముందు, నీకు బాగా తెలిసిన ఒక అన్యాయం, చిన్నదైనా సరే, మనసులో పెట్టుకో. నేనైతే మా చిన్నప్పటి వరిచేను పెట్టుకుంటాను. గింజ పాలు పోసుకుంటున్న చేలో పక్కవాళ్ల గేదెలు రాత్రంతా పడి మేసి తొక్కేశాయి, పొద్దున్నే వెళ్లి చూస్తే గిట్టల గుంటల్లో నీళ్లు నిలిచి, వాటిలో విరిగిన వెన్నులు తేలుతున్నాయి. మీ తాతయ్య గేదెల్ని బందెలదొడ్డికి తోలించారు. వాళ్లు బందె కట్టి విడిపించుకుపోయారు. ఆ డబ్బు పంచాయతీ లెక్కలో పడింది, మాకు పైసా రాలేదు. "చేను పోయింది మనది, డబ్బు వాళ్లకా?" అని మీ తాతయ్య చాలా రోజులు అంటూనే ఉన్నారు.

1977లో అమెరికన్ న్యాయ పండితుడు రాండీ బార్నెట్ 'ఎథిక్స్' పత్రికలో రాసిన వ్యాసం అడిగేదీ ఇదే. నేరం జరిగింది బాధితుడికి, కాబట్టి నేరస్తుడు తీర్చాల్సిన బాకీ కూడా బాధితుడికే, ప్రభుత్వానికి కాదు. శిక్షే అక్కర్లేదు, పరిహారం చాలు అనేదాకా వెళ్లాడాయన. ఇంకో లిబర్టేరియన్, అమెరికన్ ఆర్థికవేత్త ముర్రే రోత్‌బార్డ్ అలా కాదు: దొంగ తీసుకున్నది తిరిగివ్వాలి, ఆ పైన అంతే తన సొంతదీ వదులుకోవాలి, అయితే వసూలు చేయాలా క్షమించాలా అన్నది బాధితుడి ఇష్టం. నువ్వు ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశావు, విడదియ్యి.

ఇక నోజిక్. రోడ్డు మీద ఎవరో నీ చెయ్యి విరగ్గొడతారు, తర్వాత పైసాతో సహా పరిహారం ఇచ్చేస్తారు అని ముందే తెలుసనుకో. భయం పోతుందా? పోదు కదా. పైగా ఆ భయం వీధిలో నడిచే అందరికీ ఉంటుంది, మరి దెబ్బ తగలనివాళ్ల భయానికి ఎవరు కడతారు? అందుకే కొన్ని పనుల్ని, పరిహారం ఇస్తామన్నా సరే, నిషేధించాల్సిందే అంటాడు. ఆయన చెప్పిన ఇంకో కారణం నాకు మరీ ఇష్టం. నిన్ను అడిగి కొనుక్కుంటే నువ్వు బేరమాడతావు, లాభంలో నీకూ వాటా వస్తుంది. అడక్కుండా తీసేసుకుని నీ నష్టం పూడేంత మాత్రమే చేతిలో పెడితే లాభమంతా తీసుకున్నవాడిదే. ప్రభుత్వ ప్రాజెక్టుకి పొలం పోయిన రైతు దగ్గర కూర్చుని మాట్లాడి చూడు, 2013 భూసేకరణ చట్టం కింద మార్కెట్ విలువ మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) కలిపి ఇచ్చినా, తనను అడగలేదన్న బాధ ఆ డబ్బుతో తీరుతుందా అని.

శిక్ష దగ్గర నువ్వు తడబడ్డావు. నోజిక్ లెక్క సులువే: జరిగిన హానిని నేరస్తుడి బాధ్యతతో గుణించాలి, బాధ్యత పూర్తిగా ఉంటే 1, అసలు లేకపోతే 0. ఇది పరిహారానికి బదులు కాదు, దాని మీద అదనం. ఆ అదనం లేకపోతే దొరికిన దొంగ, సొత్తు వెనక్కిచ్చి చేతులు దులుపుకుంటాడు, దొరక్కపోతే అంతా మిగులే.

నాకు ఇప్పటికీ మింగుడుపడనివి కొన్ని ఉన్నాయి. చేతిలో చిల్లిగవ్వ లేని నేరస్తుడు పని చేసి తీర్చాలి అంటాడు బార్నెట్, సరే, ప్రాణం పోయిన మనిషికి ఎవరు ఏం తీరుస్తారు? దీన్ని దాటేసి వెళ్లకు, జవాబు రాకపోతే రాలేదనే రాయి.

మన దేశం నుంచి ఒక్క కేసు పెట్టాలంటే రుదుల్ షా కేసు పెట్టు. 1968లో నిర్దోషి అని తేలిన మనిషిని బిహార్‌లో ఇంకో 14 ఏళ్లు జైల్లోనే ఉంచారు, 1983లో సుప్రీంకోర్టు మొత్తం 35 వేల రూపాయలు ఇవ్వమంది, అది కూడా తాత్కాలిక ఉపశమనం లాంటిదేనని కోర్టే చెప్పింది. ఇక్కడ హద్దు దాటింది ప్రభుత్వమే. ఆ 35 వేలు పరిహారమా, శిక్షా, రెండూ కాదా? చివరి రెండు పేజీలూ దీనికే ఇచ్చేయి.

శనివారంలోగా పంపితే ఆదివారం పొద్దున్నే చదివి పెడతాను. మూడో పేజీలో ఆ వాక్యం మాత్రం ఇవాళే కొట్టేయి.

మీ పెదనాన్న